ఉత్తరాంధ్ర తీరంలో సముద్రస్నానం: రేవు నుంచి విహార స్థలం దాకా

పాతపట్నం పటాన్ని ఒకసారి ముందు పెట్టుకోండి. ఊరి పక్కన మహేంద్రతనయ, దాని అవతల ఒడిశాలోని పర్లాకిమిడి, చుట్టూ కొండలు, పొలాలు. సముద్రం ఎక్కడా కనిపించదు. అయినా సముద్రస్నానం గురించిన ఈ పాఠాన్ని పాతపట్నం నుంచే మొదలుపెడుతున్నాం. కళింగపట్నం, భావనపాడు, బారువ తీరాల్లో ఆదివారం పూట నీళ్లలోకి దిగేవారిలో చాలామంది తీరగ్రామాలవారు కారు. వారు పాతపట్నం, పాలకొండ, రాజాం, పార్వతీపురం వంటి లోపలి ఊళ్లనుంచి ఆటోల్లో, మోటారు సైకిళ్ల మీద వచ్చినవారు. బహుశా మీరూ వారిలో ఒకరు కావచ్చు.

లోపలి ఊళ్లకు సముద్రంతో సంబంధం లేదని అనుకోకండి. మహేంద్రతనయ వంశధారలో కలుస్తుంది, వంశధార కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మహేంద్రగిరి కొండల్లోనే పుట్టి అదే పేరుతో పారే మరొక ఏరు బారువ దగ్గర నేరుగా సముద్రం చేరుతుంది. 1900లో పర్లాకిమిడి సంస్థానం వేయించిన చిన్న రైలు మార్గం నౌపడలో మొదలై టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి పోయేది. నౌపడ అంటే ఉప్పు కొటార్లు. సముద్రపు నీటిని మళ్లలో ఎండబెట్టి తీసిన ఉప్పు కొండ ప్రాంతాలకు చేరిన దారుల్లో ఇదొకటి. ఆ కాలంలో పాతపట్నం మనిషికి సముద్రం అంటే ఉప్పు, ఎండుచేప, ఎప్పుడో పుణ్యదినాన ఒక స్నానం. ఈత కొట్టి ఆనందించే చోటుగా సముద్రాన్ని చూడడం మన ప్రాంతంలో చాలా కొత్త అలవాటు.

ఈ పాఠం ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అలలను దాటే విద్య, దాటలేక నీళ్లలో పడినవారిని కాపాడే ఏర్పాటు ఈ కోస్తాలో ఎప్పటినుంచో ఉన్నాయి. మరి స్నానానికి వచ్చినవారికి అవి ఎందుకు అందలేదు?

అలల మీద పని

గోదావరి ముఖద్వారాలు దాటి ఉత్తరానికి వస్తే గంజాం దాకా ఓడ సురక్షితంగా ఆగడానికి అనువైన సహజ నౌకాశ్రయం అరుదు. విశాఖపట్నంలో కూడా డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేరును తవ్వి, లోతు చేసి, 1933లో గాని ఆధునిక నౌకాశ్రయంగా తెరవలేకపోయారు. అంతకుముందు భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవులన్నీ తెరిచిన తీరాలే. ఓడ దూరంగా లంగరు వేసి ఆగేది. సరుకులూ మనుషులూ ఒడ్డుకు చేరాలంటే విరిగిపడే అలల వరుసలను పడవలో దాటవలసిందే. బర్మాకు కూలికి వెళ్లిన వేలాది ఉత్తరాంధ్ర కుటుంబాలలో చాలామంది మొదటి భయం రంగూన్ గురించి కాదు, ఒడ్డుకూ ఓడకూ మధ్య ఉన్న ఆ కొద్ది దూరం గురించే అయివుంటుంది.

ఆ దూరాన్ని దాటించిన పడవను మసూలా పడవ అనేవారు. దీని నిర్మాణం గమనించదగింది. పలకలను మేకులతో బిగించరు, కొబ్బరి పీచు తాళ్లతో కుడతారు. మేకులు కొట్టిన పడవ ఇసుకకు తగిలితే పగులుతుంది. కుట్టిన పడవ వంగుతుంది, అల దెబ్బను ఒంట్లోకి తీసుకుని మళ్లీ నిలుస్తుంది. ఐరోపా ఓడలవారు తమ సొంత పడవలతో ఈ అలలను దాటడానికి సాహసించేవారు కాదు. కుట్టు పడవనూ, దాన్ని నడిపే స్థానికులనూ ఆశ్రయించవలసి వచ్చేది. పడవ వెనుక నిలబడి తెడ్డు పట్టిన పెద్ద అలల వరుసను చూస్తూ ఉండేవాడు. పెద్ద అలలు కొన్ని వరుసగా వచ్చాక కాసేపు తెరిపి వస్తుంది. ఆ తెరిపి చూసి కేక వేస్తే అందరూ ఒక్కసారి తెడ్లు వేసేవారు. ఇది పుస్తకంలో నేర్చుకున్న విద్య కాదు. జాలరి, వాడబలిజ కుటుంబాలలో తండ్రి పక్కన నిలబడి చూసి నేర్చుకున్నది.

చెన్నపట్నం రేవు గురించి 18, 19 శతాబ్దాల ప్రయాణికులు వివరంగా రాశారు కాబట్టి అక్కడి పద్ధతి మనకు బాగా తెలుసు. రెండు సంగతులు మన ప్రశ్నకు సంబంధించినవి. మొదటిది, అలలు ఉధృతంగా ఉన్న రోజు మసూలా పడవ వెంట తెప్పలు వెళ్లేవి. దుంగలు కట్టిన తెప్ప మునగదు. పడవ తిరగబడితే తెప్పవాళ్లు నీళ్లలోకి దూకి ప్రయాణికులను పైకి లాగేవారు. అలా ప్రాణాలు కాపాడినవారికి పతకాలు ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. రెండవది, సముద్రం పడవలకు పనికిరాని స్థితిలో ఉంటే రేవు అధికారి కార్యాలయం మీద ఒక జెండా ఎగరేసేవారు. అది కనిపిస్తే ఓడకూ ఒడ్డుకూ రాకపోకలు ఆగేవి.

ఈ రెంటినీ ఇప్పటి మాటల్లో చెప్పుకోండి. మొదటిది లైఫ్‌గార్డు, రెండవది ఎర్రజెండా. ప్రపంచ పాఠ్యపుస్తకాలు సముద్రతీర రక్షణ చరిత్రను సాధారణంగా ఆస్ట్రేలియా నుంచి మొదలుపెడతాయి. మన కోస్తాలో అంతకు చాలా ముందే ఆ పని జరిగింది. కాకపోతే అది సరుకు కోసం, ఓడ ప్రయాణికుల కోసం జరిగింది. స్నానం చేసేవారు అప్పటికి లేరు.

విజయనగరం జిల్లా తీరంలో కూడా ఇలాంటి జాగ్రత్తకు ఒక గుర్తు ఉంది. పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర సముద్రంలో దాగిన రాళ్లున్నాయి. భీమునిపట్నం వైపు వచ్చే ఓడలను హెచ్చరించడానికి 1847లో అక్కడ దీపస్తంభం కట్టారు. ఆంగ్లేయుల రికార్డుల్లో దాని పేరు శాంతపిల్లి దీపం. అక్కడ ఎవరు ఎప్పుడు ప్రమాదంలో పడతారో ముందే ఆలోచించి, ఖర్చు పెట్టి, మనిషిని పెట్టారు. ప్రమాదంలో ఉన్నది ఓడ కాబట్టి పెట్టారు.

తిమ్మిరి అనే పేరు

సముద్ర జీవుల గురించిన జ్ఞానం కూడా ఒడ్డున ఉన్నవారి దగ్గరే ఉండేది. దాన్ని కాగితం మీదకు ఎక్కించినవారిలో ముఖ్యుడు పాట్రిక్ రస్సెల్. స్కాట్లండ్ వైద్యుడు. తమ్ముడు విశాఖపట్నంలో కంపెనీ అధికారి కావడంతో 1780లలో ఇక్కడికి వచ్చాడు. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. పాముల మీద ఆయన పుస్తకం 1796లో వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు, వర్ణనలతో రెండు సంపుటాలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి.

ఆ చేపల పుస్తకాన్ని తెలుగువారు వేరే కన్నుతో చూడాలి. రస్సెల్ చాలా చేపలకు లాటిన్ పేర్లు పెట్టలేదు. జాలరులు చెప్పిన తెలుగు పేరునే ఆంగ్ల లిపిలో రాసుకున్నాడు. మొదటి పేజీల్లోనే టెంకి జాతి చేపలు, వాటితోపాటు తిమ్మిరి, నల్ల తిమ్మిరి అనే రెండు చేపలు కనిపిస్తాయి. తిమ్మిరి అంటే ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. ఇది ఒంట్లో విద్యుత్తు పుట్టించే చేప. తాకితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. పేరులోనే హెచ్చరిక ఉంది. ఆ పేరు పెట్టినవాడు ఎప్పుడో వలలో చెయ్యి పెట్టి దెబ్బ తిన్నవాడే. తరువాత ఐరోపా శాస్త్రజ్ఞులు ఈ చేపలను వర్గీకరించేటప్పుడు రస్సెల్ బొమ్మలనూ, ఆ తెలుగు పేర్లనూ ఆధారంగా తీసుకున్నారు. రస్సెల్ పేరు ఇప్పుడు లోకమంతా తెలిసిన రక్తపింజరిని కూడా ఆయన కాటుకరేకుల పొడ అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు.

మూలాధారాల గురించి చదువుతున్న మీరు ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. పేర్లు మిగిలాయి, చెప్పినవారి పేర్లు మిగలలేదు. ఆ 200 చేపల పుస్తకం వెనుక ఉన్న విశాఖ జాలరుల్లో ఎందరిని రస్సెల్ అడిగాడో, ఎవరు సరిగా చెప్పారో ఊహించుకోవలసిందే.

తిథి నుంచి ఆదివారం దాకా

లోపలి ఊళ్లవారు సముద్రంలో స్నానం చేయడం కొత్త కాదు. మాఘ పౌర్ణమికి ఉత్తరాంధ్ర తీరమంతా జనం నిండుతుంది. అయితే సంప్రదాయం సముద్రాన్ని ఇష్టం వచ్చినప్పుడు తాకనివ్వదు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టరాదని పెద్దలు చెబుతూ వచ్చారు. ఆ నియమం వల్ల స్నానానికి ఒక హద్దు ఏర్పడింది. తెల్లవారుజామున, కుటుంబంతో, చేతులు పట్టుకుని, మోకాలి లోతులో మూడు మునకలు వేసి ఒడ్డుకు రావడం. అక్కడ ఈత లేదు, లోపలికి పోవడం లేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. పౌర్ణమి, అమావాస్యల్లో ఆటుపోట్ల తేడా ఎక్కువ. విశాఖ తీరంలో ఆ రోజుల్లో నీటిమట్టం సుమారు ఒకటిన్నర మీటరు పెరిగి తగ్గుతుంది. అంటే జనం ఎక్కువగా దిగే తిథి, నీరు ఎక్కువగా కదిలే తిథి ఒకటే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు ఆదివారమూ, పౌర్ణమీ కూడా. ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా మరణించారు. పుణ్యస్నానానికి వచ్చినవారు కూడా వారిలో ఉన్నారు.

ఆనందం కోసం, ఆరోగ్యం కోసం సముద్రస్నానం చేయడమనే ఆలోచన 18వ శతాబ్దపు ఇంగ్లండులో బలపడింది. బ్రైటన్‌లో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1750ల్లో సముద్రపు నీటిని మందుగా ప్రచారం చేశాడు. మన పాట్రిక్ రస్సెల్‌తో కలపకండి, ఈయన వేరు. ఆ అలవాటే వలస పాలకులతో గోపాలపురం, వాల్తేరు, భీమునిపట్నం తీరాలకు వచ్చింది. అక్కడ బంగళాలు లేచాయి. కాని దొరలు కూడా ఎక్కువగా సముద్రపు గాలికే వచ్చేవారు.

ఆస్ట్రేలియా అనుభవం మనకు పోల్చి చూడడానికి బాగా ఉపయోగపడుతుంది. సిడ్నీ తీరాల్లో పగటిపూట బహిరంగ స్నానం మీద ఉన్న నిషేధం 1902, 1903 ప్రాంతంలో సడలింది. జనం ఒక్కసారిగా నీళ్లలోకి దిగారు. మరణాలూ వెంటనే మొదలయ్యాయి. 1906, 1907 నాటికే బాండై వంటి తీరాల్లో స్నానం చేసేవారే రక్షణ సంఘాలు పెట్టుకున్నారు. అంతకుముందే మాన్లీ తీరంలో టానా ద్వీపం నుంచి వచ్చిన టామీ టానా అనే యువకుడు అలల మీద ఒళ్లు తేల్చి ఒడ్డుకు రావడం ఎలాగో చేసి చూపించాడు. పట్నం కుర్రాళ్లు అతన్ని చూసి నేర్చుకున్నారు. అంటే అక్కడ ద్వీపవాసి విద్య ఏదో ఒక మేరకు స్నానం చేసేవారికి అందింది. ఇక్కడ తెప్ప వేసే జాలరికీ, వనభోజనానికి వచ్చిన కళాశాల విద్యార్థికీ మధ్య అలాంటి మాట జరగలేదు. ఎవరి నీళ్లు వారివే. దీనికి కులం ఒక కారణం కాదని చెప్పడం కష్టం.

రేవు వెళ్లిపోయాక

1890ల్లో తూర్పు తీర రైలు మార్గం వచ్చింది. సరుకు రైలెక్కింది. 1933 తర్వాత పెద్ద ఓడలకు విశాఖ ఉంది. 20వ శతాబ్దం మధ్యకాలానికి కళింగపట్నం, బారువ వంటి రేవుల పని దాదాపు ముగిసింది. మసూలా పడవలతో పాటు వాటి వెంట నడిచే తెప్ప కాపలా, జెండా, రేవు అధికారి అన్నీ పోయాయి. మిగిలినవి దీపస్తంభం, పాత గోదాములు, పొడవైన ఇసుక తీరం. బారువ ఎదుట సముద్రంలో చిల్కా అనే ఆవిరి ఓడ శిథిలం ఇప్పటికీ ఉంది. ఈ మధ్య స్కూబా డైవర్లు దాన్ని చూడడానికి దిగుతున్నారు.

సరిగ్గా ఆ ఖాళీ తీరమే తరువాత పర్యాటక స్థలంగా మారింది. రోడ్లు వేశారు, విగ్రహాలు, పార్కులు, అతిథి గృహాలు కట్టారు. నీళ్లలో ఏం జరుగుతుందో చెప్పే మనిషి మాత్రం అన్నిచోట్లా రాలేదు. 2020లో విశాఖ ఋషికొండకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకు నీటి నాణ్యతతో పాటు లైఫ్‌గార్డులు, స్నానానికి గుర్తించిన హద్దులు తప్పనిసరి. మిగిలిన పొడవైన తీరంలో ఎక్కువ భాగం చిన్న చిన్న బీచులే.

అలలు తెలిసినవారు కూడా ఊళ్లో ఉండడం తగ్గింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు వేల సంఖ్యలో గుజరాత్‌లోని వెరావల్ వంటి రేవులకు మరపడవల మీద కూలికి వెళ్తారు. 2018 చివర అక్కడి నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్ చేతికి చిక్కిన మన జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా ఇంటికి చేరడం మీకు గుర్తుండవచ్చు. ఆ వార్తను వలస సమస్యగా మాత్రమే చదువుతాం. మన పాఠానికి దానిలో మరో కోణం ఉంది. సముద్రం తెలిసిన యువకులు ఏడాదిలో ఎక్కువ నెలలు అరేబియా సముద్రంలో ఉంటారు, సముద్రం తెలియని యువకులు వారి ఊరి ఒడ్డున దిగుతారు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. దానివల్ల ఈ వలస ఎంత తగ్గుతుందో, పక్కన ఉన్న ఇసుక ఎటు కదులుతుందో రాబోయే సంవత్సరాలు చూపుతాయి.

నీళ్లలో జరిగేది

1936లో అమెరికన్ భూవిజ్ఞాని ఫ్రాన్సిస్ షెపర్డ్ ఒక చిన్న వ్యాసం రాశాడు. ఒడ్డున నీరు మనిషిని కిందికి గుంజుతుందనే నమ్మకం తప్పని, జరిగేది పైపైనే లోపలికి సాగే ఇరుకైన ప్రవాహమని వివరించి, దానికి రిప్ కరెంట్ అనే పేరు స్థిరపరిచాడు. 1941లో ఆయనతో కలిసి ఆ ప్రవాహాల మీద పరిశోధన ప్రచురించినవారిలో యూజీన్ లాఫాండ్ ఒకడు. ఆ లాఫాండే 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి వాల్తేరు తీరంలో ఇసుక ఏ కాలంలో పెరుగుతుందో, ఏ కాలంలో కోసుకుపోతుందో కొలిచాడు. రిప్ కరెంట్ శాస్త్రం మన తీరానికి అంత త్వరగా వచ్చింది. కాని అది జ్ఞాపిక సంపుటాల్లో ఉండిపోయింది, బస్సు దిగిన మనిషి దాకా రాలేదు.

విషయం ఇది. విరిగిన అలలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి. నీటి అడుగున ఇసుక దిబ్బల మధ్య గండి ఉన్నచోట ఆ నీరంతా కాలువలాగా లోపలికి సాగుతుంది. గండిలో లోతు ఎక్కువ కాబట్టి అలలు తక్కువగా విరుగుతాయి. ఒడ్డున నిలబడి చూసేవారికి అటూ ఇటూ తెల్లని నురగ, మధ్యలో ప్రశాంతమైన నీరు కనిపిస్తాయి. పిల్లలతో వచ్చినవారు ఆ ప్రశాంతమైన చోటునే ఎంచుకుంటారు. ప్రమాదం అక్కడే. బలమైన వేళ ఆ ప్రవాహం వేగం సెకనుకు 2 మీటర్లు దాటవచ్చు. ఒలింపిక్ ఈతగాడు 100 మీటర్ల పందెంలో పోయే వేగం కూడా దాదాపు అంతే. నదులు కలిసే మొగల దగ్గర, అంటే కళింగపట్నంలో వంశధార, కళ్లేపల్లిలో నాగావళి, బారువలో మహేంద్రతనయ, ఇచ్ఛాపురం వైపు బాహుదా, ఆటు దిగే సమయంలో నది నీరు కూడా తోడై లాగుతుంది. మొగ దగ్గర ఇసుక ప్రతి వరదకూ చోటు మారుతుంది. నిరుడు దిగిన చోటు ఈ ఏడాది అదే చోటు కాదు.

మహేంద్రతనయలోనో వంశధారలోనో ఈత నేర్చినవారు ఒకటి ఆలోచించండి. ఏరు నిండుగా పారుతున్నప్పుడు దిగిన రేవుకే ఎదురీది తిరిగి వస్తారా? రారు. నీరు తోసిన వైపు తేలుతూ, అడ్డంగా కోసుకుంటూ కింద ఎక్కడో గట్టెక్కుతారు. రిప్ కరెంట్‌లో చేయవలసింది కూడా అంతే. ఒడ్డు కనిపిస్తోంది కదా అని నేరుగా ఒడ్డుకు ఈదితే ప్రవాహానికి ఎదురీదినట్టే. ఒళ్లు తేల్చి, ఊపిరి నిలుపుకుని, తీరానికి సమాంతరంగా పక్కకు జరగాలి. ప్రవాహం ఇరుకుగా ఉంటుంది, అలలు విరిగే వరుస దాటాక బలహీనపడుతుంది. ఏటిలో తెలిసిన సంగతి సముద్రంలో ఎందుకు మరిచిపోతామంటే, సముద్రం ఒక ఏరులా పారుతుందని మనకు కంటికి కనబడదు కాబట్టి.

ఒకరు మునుగుతుంటే ఇంకొకరు దూకడం వల్ల ఒకే కుటుంబంలో, ఒకే స్నేహ బృందంలో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. పాత తెప్పవాళ్లు ఒట్టి చేతులతో వెళ్లలేదు, మునగని దుంగ వెంట ఉండేది. మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, గాలి నింపిన ట్యూబు, పొడవైన తాడు ఏదైనా సరే ముందు విసరాలి. ఒడ్డుకు తెచ్చాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి. శ్వాస లేకపోతే వెంటనే నోటి ద్వారా గాలి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ 108కి కబురు చేయించాలి.

ఆకాశాన్ని నమ్ముకోవడం మరో పొరపాటు. కార్తీక వనభోజనాల కాలమూ, బంగాళాఖాతంలో తుపానుల కాలమూ ఒకటే. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. తుపాను వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే దాని అలలు ఎండ కాస్తున్న ఒడ్డుకు వచ్చేస్తాయి. వేసవిలో దక్షిణ మహాసముద్రంలో పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి భారత తీరాన్ని తాకుతాయి. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు అలాంటి అలల్లోనే మరణించారు. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం అప్పటికే హెచ్చరిక ఇచ్చి ఉంది. 1999లో ఏర్పడిన ఆ సంస్థ సూచనలు మత్స్యకారులకు ప్రతిరోజూ అందుతాయి. విహారానికి బయలుదేరేవారు వాటిని చూసే అలవాటు ఇంకా లేదు.

జీవుల విషయానికి వస్తే, సొర భయం సినిమాల నుంచి వచ్చిందే ఎక్కువ. మన ఒడ్డున స్నానం చేసేవారికి తగిలేవి జెల్లీచేపలు, ఇసుకలో దాక్కున్న టేకు చేప ముల్లు. పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడిస్తే టేకు చేప తప్పుకుని పోతుంది. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగిన వేడి నీటిలో కాలు ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. జెల్లీచేప తగిలితే ఇసుకతో రుద్దకూడదు, సముద్రపు నీటితోనే కడగాలి. సముద్రపు పాముల విషం తీవ్రమైనదే, కాని వాటి కాటు ఎక్కువగా వల లాగేవారికి పడుతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పామును కర్రతో కదపడం కుర్రాళ్లకు సరదా. అది చచ్చిందో లేదో వారికి తెలియదు.

అదే ఇసుక మీద తాబేలు

శ్రీకాకుళానికి దగ్గర్లో, తీరానికి కొద్ది దూరంలోనే శ్రీకూర్మం ఉంది. విష్ణువును కూర్మరూపంలో కొలిచే ఆ ఆలయం 13వ శతాబ్దం నాటి శాసనాలతో మీకు ఇప్పటికే పరిచయం. ఆలయంలో పెంచేవి నేల మీది నక్షత్ర తాబేళ్లు. చలికాలం నుంచి ఏప్రిల్ దాకా ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టేది మాత్రం ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేలు.

ఒడిశాలోని గహీర్మఠలో లక్షల తాబేళ్లు ఒకేసారి గుడ్లు పెడతాయని శాస్త్రలోకానికి తెలిసింది 1974లో. మనకు మరింత దగ్గరగా, గంజాం జిల్లా ఋషికుల్య మొగ దగ్గర అలాంటి చోటే ఉందని 1994లో బయటపడింది. జాలరులకు అంతకుముందే తెలుసునని వేరే చెప్పాలా? ఆ దారిలో వచ్చే తాబేళ్లలో కొన్ని శ్రీకాకుళం తీరంలో ఒంటరిగా గుడ్లు పెడతాయి. 1970ల్లో ఒడిశా, బెంగాల్ తీరాల నుంచి వేలాది తాబేళ్లను మాంసం కోసం కలకత్తా సంతలకు తరలించేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు ఇచ్చిన రక్షణతో ఆ వ్యాపారం క్రమంగా ఆగింది. తరువాత పెద్ద శత్రువు మరపడవ వల.

తాబేలు ఊపిరితిత్తులతో శ్వాసించే జీవి. ఈడ్చే వలలో ఇరుక్కుంటే పైకి రాలేక మునిగి చస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డున కనిపించే కళేబరాల్లో చాలా వాటి కథ ఇదే. వలలో తాబేలు బయటపడే దారి అమర్చకపోతే రొయ్యలు కొనబోమని అమెరికా 1996లో నిషేధం పెట్టింది. దాని మీద భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998లో వచ్చిన తీర్పు నేటికీ వాణిజ్యం, పర్యావరణం అనే అంశం మీద పరీక్షల్లో అడిగే ప్రశ్న. 2019లో అమెరికా మళ్లీ భారత సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంది. అది చేపల పునరుత్పత్తి కోసం పెట్టింది. తాబేళ్లు వచ్చే నెలలు చాలావరకు అంతకు ముందే గడిచిపోతాయి.

బీచ్ విహారానికీ తాబేలుకూ ఉన్న తగాదా దీపాల దగ్గర వస్తుంది. ఇసుకలో పాతిన గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. రాత్రి బయటికి వచ్చిన పిల్లలు ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటు పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం వైపు ఉంటుంది. అతిథి గృహం లైట్లు వేసి ఉంటే పిల్లలు రోడ్డు వైపు వస్తాయి. ఒడ్డున వరుసగా నాటిన సరుగుడు తోటలు గాలిని ఆపుతాయి, కానీ నీటి అంచుదాకా వస్తే తాబేలుకు గుడ్లు పెట్టే ఇసుక మిగలదు. 2025 ఏప్రిల్‌లో బారువలో బీచ్ ఉత్సవం జరిపినప్పుడు తాబేలు పిల్లలను సముద్రంలోకి వదలడాన్ని కూడా ఒక కార్యక్రమంగా పెట్టారు. ఉత్సవమూ తాబేలూ ఒకే ఒడ్డున సర్దుకోవడానికి చేసిన ప్రయత్నంగా దాన్ని చూడవచ్చు. ఆ రెండు రోజుల దీపాలు ఆరిపోయాక మిగిలిన రాత్రుల సంగతి చూడాలి.

పెద్ద జీవులు ఒడ్డుకు వచ్చినప్పుడు జనం పోగవడం కూడా గమనించండి. 2023 జులైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి తిమింగలం కళేబరం కొట్టుకొచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడడానికి వచ్చాయి. కుళ్లుతున్న కళేబరం లోపల వాయువులు నిండుతాయి, దగ్గరికి వెళ్లి ఎక్కి ఫొటోలు దిగడం మంచిది కాదు.

మీరు చేయవలసిన పని

ఈ భాగానికి సంబంధించిన అభ్యాసాన్ని ఇంట్లో కూర్చుని రాయకండి. మీకు దగ్గరలోని తీరగ్రామానికి వెళ్లి, 60 ఏళ్లు దాటిన మత్స్యకారులను ఇద్దరినైనా కలవండి. పనివేళ కాకుండా, వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు వెళ్లండి. వెనక్కి లాగే నీటిని వారు ఏ మాటతో పిలుస్తారో, ఒడ్డునుంచి చూసి దాన్ని ఎలా గుర్తుపడతారో అడగండి. వారి ఊరి ఒడ్డున స్నానానికి దిగవద్దని వారు చెప్పే చోటు ఏది, ఏ నెలల్లో? తాబేలు గురించి, కుట్టే చేపల గురించి ఏ పేర్లు వాడతారు? వారు చెప్పిన మాటను సరిదిద్దకుండా, పుస్తక భాషలోకి మార్చకుండా, విన్నది విన్నట్టే రాసుకోండి. పాట్రిక్ రస్సెల్ రాయని ఒక వివరం మీరు రాయండి: చెప్పినవారు ఒప్పుకుంటే వారి పేరు, ఊరి పేరు, తేదీ.